పండుగ రద్దీలో దేహం, మనసు: కుంభమేళాల చరిత్ర చెప్పే పాఠం

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరవాత మీరు:
• 1867 హరిద్వార్ కుంభమేళా అనంతరం కలరా వ్యాపించిన తీరును వివరించగలుగుతారు.
• యాత్రికుల పట్ల వలస ప్రభుత్వం అనుసరించిన వైఖరిని విమర్శనాత్మకంగా పరిశీలించగలుగుతారు.
• పండుగ కాలంలో శారీరక, మానసిక ఆరోగ్యాలకు గల సంబంధాన్ని చారిత్రక దృష్టితో విశ్లేషించగలుగుతారు.

1. పరిచయం

నా చిన్నతనంలో మా ఊరి నుంచి పుష్కరాలకు బయలుదేరే పెద్దవాళ్లు ముందుగా కలరా సూది వేయించుకొనేవారు. మా నాయనమ్మ ఆ సూదికి భయపడింది గాని, లక్షలమంది మునిగే నీటికి భయపడలేదు. ఆమె ఒక్కతే కాదు, ఆ తరంవారు చాలామంది అలాగే ఆలోచించేవారు. ఆ సూది వెనక సుమారు నూరేళ్ల చరిత్ర ఉందని చరిత్ర విద్యార్థినయ్యాకగాని నాకు తెలియలేదు. పండుగ మనసుకు బలమిస్తుంది. అదే పండుగ రద్దీ ఒంటికి ముప్పు తేగలదు. ఈ రెండింటిలో ఒక్కదాన్నే చూసిన పాలకులు ఎలా పొరబడ్డారో ఈ పాఠంలో పరిశీలిద్దాం.

2. 1867: ఒక రాత్రి వాన

హరిద్వార్‌లో 12 ఏళ్లకొకసారి కుంభమేళా జరుగుతుంది. 1867 మేళాకు సుమారు 30 లక్షలమంది వచ్చారని ఆనాటి అంచనా. అధికారులు పారిశుద్ధ్య ఏర్పాట్లు చేయకపోలేదు. మేళా చాలారోజులు సజావుగానే సాగింది. ఏప్రిల్ 12 ప్రధాన స్నానదినం. దానికి ముందురోజు రాత్రి ఉరుములతో పెద్దవాన కురిసింది. విడిది ప్రాంతాల్లోని మలినాలు నదిలోకి కొట్టుకొచ్చాయి. మర్నాడు యాత్రికులు ఇరుకైన స్నానఘట్టంలో ఒకరిమీద ఒకరుగా మునిగి, పవిత్రమని ఆ నీటినే తాగారు.

కలరా క్రిమి శరీరంలో ప్రవేశించిన కొన్ని గంటల నుంచి అయిదు రోజులలోపు వ్యాధి బయటపడుతుంది. కాబట్టి స్నానంచేసి ఆరోగ్యంగా బయలుదేరినవారు దారిలో జబ్బుపడ్డారు. వారు ఆగిన ప్రతి బావి, ప్రతి సత్రం కొత్త కేంద్రమైంది. వ్యాధి పంజాబ్ దారుల వెంట సాగి పెషావర్‌దాకా చేరింది. మేళాలో కంటే ఇంటిదారిలోనే ఎక్కువ నష్టం జరిగిందన్నది మీరు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం.

నీటి ద్వారా కలరా వస్తుందని జాన్ స్నో 1854లో లండన్‌లో చూపించాడు. అయినా భారత ప్రభుత్వ పారిశుద్ధ్య కమిషనర్ కనింగ్‌హామ్ వంటివారు అది అంటువ్యాధి అని అంగీకరించలేదు. 1884లో రాబర్ట్ కోచ్ కలకత్తాలో ఒక చెరువు నీటిలో కలరా క్రిమిని చూపించిన తరవాత కూడా ఆ వాదం వెంటనే సమసిపోలేదు.

3. నింద ఎవరిపై పడింది?

1865లో మక్కా యాత్రికులలో కలరా ప్రబలి, అక్కడినుంచి యూరప్‌కు పాకింది. మరుసటి సంవత్సరం కాన్‌స్టాంటినోపుల్‌లో సమావేశమైన అంతర్జాతీయ పారిశుద్ధ్య మహాసభ భారతీయ తీర్థయాత్రలను వ్యాధి వ్యాప్తికి ముఖ్య కారణంగా పేర్కొన్నది. అప్పటినుంచి యాత్రికుడు రోగిగా కాక, రోగవాహకుడిగా కనిపించసాగాడు. 1868లో బెంగాల్ ప్రభుత్వం పూరీ యాత్రికుల వసతిగృహాలపై చట్టం చేసింది. ఒక్కో ఇంట్లో ఎంతమంది ఉండవచ్చో నిర్ణయించడం అందులో ప్రధానం. ఇది మేలైన చర్యే. అయితే మంచినీటి సరఫరాకు, మురుగు పారుదలకు కావలసినంత ఖర్చు పెట్టకుండా జనాన్ని నియంత్రించడం ప్రభుత్వానికి చౌక అయిన మార్గమైంది.

1892లో హరిద్వార్‌లో మహావారుణి సందర్భంగా కలరా కనిపించగానే అధికారులు మేళాను రద్దుచేసి యాత్రికులను తిప్పిపంపారు. మత విషయాలలో జోక్యం చేసుకోబోమని 1858 రాణి ప్రకటనలో ఇచ్చిన మాట తప్పారని పత్రికలు విమర్శించాయి. వైద్యదృష్టితో ఆ నిర్ణయానికి సమర్థన ఉంది. కాని జీవితంలో ఒక్కసారి గంగస్నానం చేయాలని బయలుదేరిన వృద్ధుడిని ఒడ్డునుంచే వెనక్కి పంపితే అతని మనసులో మిగిలేదేమిటో లెక్కలోకి తీసుకున్నవారు లేరు. భయం, అపనమ్మకం పెరిగాక ప్రజలు రోగాన్ని దాచడం మొదలుపెడతారు. అప్పుడు శరీరానికీ రక్షణ ఉండదు.

4. మనసుకు మందు

తెలుగునాట బోనాల చరిత్రలోనూ ఈ అంశం కనిపిస్తుంది. 1813 ప్రాంతంలో నగరంలో కలరా చెలరేగినప్పుడు, ఉజ్జయినిలో ఉన్న సికింద్రాబాద్ సైనిక దళానికి చెందినవారు అక్కడి మహంకాళికి మొక్కుకొని, తిరిగి వచ్చి సికింద్రాబాద్‌లో అమ్మవారిని ప్రతిష్ఠించారని సంప్రదాయం చెబుతుంది. మొక్కు క్రిమిని చంపదు. కాని వీధివీధినా చావు తిరుగుతున్నప్పుడు జనాన్ని ఒకచోట నిలబెట్టింది ఆ మొక్కే.

రద్దీలో తప్పిపోయినవారి బాధ మరో ఉదాహరణ. 1946లో అలహాబాద్ మాఘమేళాలో రాజారామ్ తివారీ ‘భూలే భట్కే’ శిబిరాన్ని ప్రారంభించారు. తప్పిపోయిన ముసలివారిని, పిల్లలను కూర్చోబెట్టి, అన్నంపెట్టి, మైకులో పేరుపిలిచి వారివారి మనుషులకు అప్పగించడమే దాని పని.

మాఘమేళాలో నెలరోజులు నదీతీరాన ఉండే కల్పవాసులపై జరిగిన ఒక అధ్యయనం 2012లో వెలువడింది. 416 మంది కల్పవాసులను, వెళ్లని 127 మందిని మేళాకు ఒక నెల ముందు, ఒక నెల తరవాత ప్రశ్నించారు. చలి, రొద, ఇరుకు భరించినప్పటికీ కల్పవాసులే తమ ఆరోగ్యం మెరుగుపడిందని చెప్పారు. నలుగురితో కలిసి ఉన్నామన్న భావన మనిషికి ఆసరా అని ఇది సూచిస్తున్నది.

5. కాపాడే ఏర్పాట్లు

కుంభమేళా యాత్రికులకు కలరా టీకా 1945 హరిద్వార్ మేళాలో తప్పనిసరి అయింది. 1971లో శరణార్థి శిబిరంలో దిలీప్ మహలనబిస్ ఉప్పు, చక్కెర కలిపిన నీటిని తాగించి కలరా మరణాలను సుమారు 30 శాతం నుంచి 4 శాతం లోపుకు తగ్గించాడు. అయితే రద్దీ ముప్పు క్రిమితో ఆగలేదు. 1954 ఫిబ్రవరి 3న అలహాబాద్ కుంభమేళా తొక్కిసలాటలో వందలమంది చనిపోయారు. 2015 జూలై 14న గోదావరి పుష్కరాల తొలిరోజున రాజమండ్రి పుష్కరఘాట్ వద్ద 27 మందికి తక్కువ కాకుండా ప్రాణాలు కోల్పోయారు. వారు కోరుకున్నది ఒక్క మునక మాత్రమే. కావలసింది దారి, సమయం, నీరు, సమాచారం.

6. సారాంశం

ఈ చరిత్రనుంచి మూడు విషయాలు గ్రహించాలి. ఒకటి, పండుగలో ముప్పు నీటినుంచి, ఇరుకునుంచి వచ్చింది, భక్తి నుంచి కాదు. రెండు, జనం మనసును గౌరవించని ఆరోగ్యచర్య ఎక్కువకాలం నిలవదు. మూడు, ఆ మనసు పేరుచెప్పి నీటిని, రద్దీని పట్టించుకోకపోవడం కూడా అంతే ప్రమాదం. మీరు ఈ ఏడాది జాతరకో పుష్కరాలకో వెళ్తే కాచిన నీళ్లు వెంట తీసుకువెళ్లండి, పర్వదినం తప్పించి మరోరోజు స్నానం చేయండి, పెద్దవాళ్ల జేబులో చిరునామా, ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టండి. ఒంటరిగా ఉన్న పొరుగువారిని వెంట రమ్మని పిలవండి. మా నాయనమ్మ సూది వేయించుకొనే వెళ్లింది. తిరిగి వచ్చి పదేళ్లపాటు ఆ స్నానం గురించే చెప్పింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1. 1867లో కలరా యాత్రికుల తిరుగుదారిలో ఎక్కువగా వ్యాపించడానికి కారణాలు వివరించండి.
2. 1892లో మేళా రద్దును వైద్య, సామాజిక దృక్పథాల నుంచి చర్చించండి.
3. మీ ప్రాంతంలోని ఒక జాతరలో తాగునీటి ఏర్పాట్లు గత యాభై ఏళ్లలో ఎలా మారాయో పెద్దలను అడిగి రెండు పేజీలు రాయండి.