పాత సామాను చేతిలో పట్టుకుని

రేపల్లె పాసింజరు తెనాలిలో ఆగితే, దిగేవాళ్లలో ఇంజను సామాను కోసం వచ్చిన మనిషిని ఇట్టే పోల్చుకునేవాణ్ణి. చేతిలో గుడ్డసంచి, సంచి అడుగున నూనె మరక. లోపల అరిగిన బేరింగో, విరిగిన పిస్టన్ రింగో పాత పంచె ముక్కలో చుట్టి ఉండేది. 1971లో, నా పద్నాలుగో ఏట, మోరిస్‌పేటలోని ఒక షెడ్డులో పానాలు అందించే కుర్రాడిగా చేరాను. మా మేస్త్రీ నేర్పిన మొదటి పాఠం ఇదే: "పాతది చేతిలో లేకుండా కొత్తదానికి పోవద్దురా అబ్బాయ్."

అప్పటినుంచి తెనాలి, బాపట్ల, రేపల్లె ఊళ్ల బళ్లూ ఇంజన్లూ నా చేతుల మీదుగా నడిచాయి. బండి తెచ్చినవాళ్లు చెప్పుకునే బాధలు మాత్రం ఈనాటికీ రెండే. సామానుకు ఇంత రేటేమిటని ఒకటి. అడిగితే కసురుకోవడమేమిటని రెండోది. ఈ రెండూ ఒకే వేరు నుంచి పుట్టాయని నాకు తెలిసిరావడానికి చాలా ఏళ్లు పట్టింది.

వేమూరు దగ్గర మా తాతగారి ఊళ్లో మోటారు లేని రోజుల సంగతులు ఆయన నోటే విన్నాను. ఎద్దుబండికీ విడిభాగాలున్నాయి. ఇరుసు, కుండ, ఆకులు, చక్రం చుట్టూ ఇనప కమ్మి, చక్రం ఊడిపోకుండా కడచీల. కొయ్యపని వడ్రంగిది, ఇనపపని కమ్మరిది. ఇరుసు విరిగితే చేసినవాడి వాకిట్లోకే బండిని ఈడ్చుకుపోయేవారు. డబ్బు చేతులు మారేది కాదు. కుప్ప నూర్చిన రోజు కళ్లంలో ధాన్యం కొలిచి మేర ఇచ్చేవారు. అదంతా స్వర్ణయుగమని నేననను. పంట పోయిన ఏడు కమ్మరి ఇంట్లో పొయ్యి రాజేది కాదు, మేర కొలిచేటప్పుడు కొందరు రైతుల చెయ్యి బిగిసేది కూడా. కానీ వస్తువు చేసినవాడు, బిగించినవాడు, అది విరిగితే జవాబు చెప్పేవాడు ఒక్కడే. ఆ మనిషి ఇల్లు ఎక్కడో ఊరందరికీ తెలుసు.

ఆ ముడిని విప్పింది ఇంజను. 1850ల్లో బెజవాడ దగ్గర కట్టిన ఆనకట్ట ఈ ప్రాంతాన్ని మాగాణి చేసింది. 1899 నాటికి మద్రాసు దాకా రైలు దారి కలిసింది. 1916లో తెనాలి నుంచి రేపల్లెకు రైలు వచ్చింది. 1957లో ఆనకట్ట స్థానంలో ప్రకాశం బ్యారేజీ నిలిచింది. అయినా కాలువ చివరి భూములకు నీరు అందని రోజులుండేవి. అప్పుడు మురుగుకాలువ నుంచి తోడి పెట్టడానికి ఆయిలింజనే దిక్కు. రైసు మిల్లులూ లారీలూ ట్రాక్టర్లూ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. వాటి సామాను ఎక్కడో పూనా వైపో, ఇంగ్లండులోనో పోతపోసినది. చేసినవాడి ముఖం మనకు తెలియదు. మధ్యలో ఒక కౌంటరు బల్ల వచ్చింది.

నేను చేరిన కొత్తలో మా మేస్త్రీకి సామాను ఇచ్చే షాపు యజమాని నెలకోసారి రాత్రి మెయిలెక్కి మద్రాసు వెళ్లేవాడు. జనరల్ ప్యాటర్స్ రోడ్డులో కొత్త సామాను, పుదుపేటలో పాత బళ్లు విప్పి తీసినది. తరవాత తరవాత బెజవాడ ఆటోనగర్ పెరిగాక మద్రాసు ప్రయాణాలు తగ్గాయి. తెచ్చిన ప్రతి అట్టపెట్టె మీదా పెన్సిలుతో రెండు మూడు అక్షరాలు రాసేవాడు. పది అక్షరాల గుర్తు అది, ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె. కొన్న ధర ఆయనకు తప్ప ఇంకెవరికీ తెలియకూడదు. అమ్మే ధర మాత్రం ఎదురుగా నిలబడిన మనిషిని బట్టి ఉండేది. అదే ఆయిల్ సీలు తెనాలి లారీ ఓనరుకు ఒక రేటు, సాయంత్రం బండికి తిరిగిపోవాల్సిన రేపల్లె రైతుకు ఇంకో రేటు. నాట్ల రోజుల్లో ఇంజను ఆగిన మనిషి బేరమాడలేడని బల్ల అవతలి మనిషికి తెలుసు.

అయితే ఆ రేటులో అరువు కూడా కలిసి ఉండేది. కుప్ప నూర్చాకనే ఖాతా తీరేది. సైజు కుదరకపోతే మరునాడు మార్చి ఇచ్చేవారు. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమతో పాటు రేపల్లె, బాపట్ల తీరాన్నీ తుడిచిపెట్టింది. ఆ తరవాత నెలరోజులు మా షెడ్డు నిండా ఉప్పు బురద నిండిన ఇంజన్లే. ఒక షాపులో బేరింగు రేటు వారంలో రెట్టింపైంది. దానికి నాలుగు గుమ్మాల అవతల ఇంకో షాపు పెద్దాయన, "ముందు ఇంజను తిరగనీ, డబ్బు సంగతి సంక్రాంతికి చూద్దాం" అని సామాను ఇచ్చి పంపాడు. రైతులు ఆ రెండు గుమ్మాలనూ మరిచిపోలేదు. రెట్టింపు చేసిన షాపుకు ఆ తరవాత చవగ్గా ఇస్తానన్నా వెళ్లనివాళ్లను నేనెరుగుదును.

స్కూటర్లు, మోపెడ్లు ఇంటింటికీ వచ్చాక కొనేవాళ్లు వేలల్లోకి పెరిగారు, ఖాతాలు పోయాయి. 1990లో ప్యాకెట్ మీద అన్ని పన్నులూ కలిపిన గరిష్ఠ చిల్లర ధర అచ్చు వేయాలన్న నియమం వచ్చింది. అంతకుముందు స్థానిక పన్నులు అదనం అని వేసి వదిలేసేవారు. పెన్సిలు అక్షరాల రోజులు పోయాయని నేను సంతోషించాను. కానీ గరిష్ఠం అన్న మాటను అందరం మరిచాం. అంతకు మించి అమ్మకూడదని దాని అర్థం. అంతకే అమ్మాలని వాడుకలోకి వచ్చింది. కొన్న ధరకూ అచ్చు ధరకూ మధ్య మిగిలేది షాపుకు కొంత, మేస్త్రీకి కమీషన్‌గా కొంత. బండి యజమానికి మాత్రం తగ్గింపు లేదు. నేనూ పన్నెండేళ్లు ఆ కమీషన్ తీసుకున్నాను. ఒప్పుకోకుండా ఈ చరిత్ర రాసే హక్కు నాకు లేదు.

మానేయడానికి కారణం బాపట్ల నుంచి వచ్చిన ఒక బడిపంతులుగారు. ఆయన స్కూటరుకు కాయిలు పోయింది. నేను చెప్పిన షాపులోనే కొత్తది కొన్నారు. బిగిస్తే నిప్పురవ్వ లేదు. వెనక్కి తీసుకెళ్తే, కరెంటు సామాను వాపసు తీసుకోబోమని గోడ మీద రాసిన బోర్డు చూపించారు. ఆయన వయసుకు కూడా విలువివ్వకుండా "చదువుకున్నారుగా, చదువుకోండి" అన్నారు. ఆయన నా దగ్గరకొచ్చి, "డబ్బు పోతే పోయింది మేస్త్రీ, ఆ మాట ఎందుకన్నాడు?" అని అడిగారు. ఆ కాయిలు మీద నాకు ముట్టిన కమీషన్ నా జేబులోనే ఉంది. దానికి ఇంకొంత కలిపి వేరే షాపు నుంచి కాయిలు తెచ్చి బిగించాను. వినియోగదారుల రక్షణ చట్టం 1986లోనే వచ్చిందనీ, గోడ మీది బోర్డుతో షాపువాళ్ల బాధ్యత పోదనీ తరవాత తెలుసుకున్నాను. ఆ రోజు తెలిసి ఉంటే ఆయన్ను ఒంటరిగా పంపేవాణ్ణి కాదు.

పెద్ద కంపెనీల దగ్గరా ఇదే కథ. అసలు విడిభాగాలను బయటి మార్కెట్లో దొరకనివ్వకుండా, మాబోటి మేస్త్రీలకు అందనివ్వకుండా చేస్తున్నారని కాంపిటీషన్ కమిషన్ విచారణ జరిపింది. 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. మా కష్టానికి ఒక పేరుందని ఆ తీర్పు చదివాకే తెలిసింది. కారు చక్రం దగ్గర ఒక రబ్బరు బుష్షు అరిగితే, ఇప్పుడు బుష్షు విడిగా లేదు, ఆర్మ్ మొత్తం కొనమంటారు. కమ్మరి కడచీల కోసం చక్రం మార్చమనలేదు.

2025 సెప్టెంబరు 22న మోటారు విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. మంచిదే. కానీ పన్ను తగ్గినంత మాత్రాన కౌంటరు దగ్గర మాట మెత్తబడదు. మేర రోజుల్లో జవాబు చెప్పే మనిషి ఎదురుగా ఉండేవాడు. ఇప్పుడు అమ్మినవాడు కంపెనీని చూపిస్తాడు, కంపెనీ బిగించినవాణ్ణి చూపిస్తుంది, బిగించినవాడు సామానును చూపిస్తాడు. రేటు నొప్పి కన్నా, ఎవరినీ అడగలేని ఆ నొప్పి పెద్దది.

అందుకే నా షెడ్డులో రెండు పనులు తప్పకుండా చేయిస్తున్నాను. సామాను బిల్లు బండి యజమాని పేరునే రాయిస్తాం, షాపు ఇచ్చే తగ్గింపు ఆయనకే చెందుతుంది. విప్పిన పాత ముక్కను కాగితంలో చుట్టి ఆయన చేతికే ఇస్తాం. మా తెనాలి శిల్పులు పాత నట్లు, గేర్లు, గొలుసులు అతికి నిలువెత్తు విగ్రహాలు చేస్తున్నారు. ఆ ఇనుము ఏ తూకానికి పోయినా నాకు సంతోషమే. అయితే ముందు అది యజమాని చేతికి రావాలి. ఏది పోయిందో, ఏది వేశామో ఆయన తిప్పి చూసుకోవాలి, అడగాలి. నిలబడి జవాబు చెప్పడం నా పని.

మొన్న రేపల్లె నుంచి వచ్చిన కుర్రాడు బండి తీసుకుని పోతూ, "ఈ పాతది నాకెందుకు బాబాయ్?" అన్నాడు. "మళ్లీ ఇదే అరిగితే, దీన్ని చేతిలో పట్టుకుని రా" అన్నాను.