చాటింపు చరిత్ర: అంతర్వేది తీర్థము మొదలు అంతర్జాలము దాకా

మాఘ శుద్ధ దశమినాటి రాత్రి అంతర్వేదిలో శ్రీ లక్ష్మీనరసింహస్వామివారి కల్యాణము. మరునాడు భీష్మైకాదశి; ఆనాడు రథోత్సవము. వాసిష్ఠ గోదావరి సముద్రములో కలిసే ఆ ఇసుక కొనకు నరసాపురము రేవు దాటి పడవల మీదను, రాజోలు సీమ నుండి బండ్ల మీదను, లంకల నుండి కాలినడకను జనము తరతరాలుగా తరలివస్తూనే ఉన్నారు. పూర్వము వారికి ఆహ్వానపత్రిక పంపినవారు లేరు. పంచాంగము చూచి ఇంటి పెద్ద చెప్పిన మాటయే పిలుపు. ఇంత జనమును ఒక్క రోజున ఒక్క చోటికి కానీ ఖర్చు లేకుండ రప్పించిన ఆ తిథిని చూచి నేటి వ్యాపార ప్రచారకులు అసూయపడవలసినదే.

ప్రచారకుల ప్రస్తావన ఊరకే తేలేదు. సమాచార వృత్తిలోను, ప్రచార వృత్తిలోను ఉన్నవారు ఇప్పుడు మహానగరాలలో ‘డిజిటల్ మార్కెటింగు’ అనే పేరుతో సదస్సులు జరుపుకొంటున్నారు. ఒక వస్తువును గాని, వార్తను గాని, మనిషిని గాని జనము కంటి ముందుకు ఎట్లు తేవలెను, తెచ్చిన దానిని ఎందరు చూచినారు, చూచినవారిలో ఎందరు కొన్నారు అన్నవే ఆ సదస్సులలో చర్చకు వచ్చే విషయాలు. పేరు కొత్తది, పనిముట్లు కొత్తవి. ప్రశ్న మాత్రము పాతదే. ఆ ప్రశ్నకు మన తెలుగుదేశములో ఏయే కాలాలలో ఏయే సమాధానాలు దొరికినవో, అంతర్వేది ఒడ్డున నిలబడి ఒకసారి వెనుదిరిగి చూతము.

రెండు నదుల నడిమి నేలను సంస్కృతములో అంతర్వేది అంటారు. ఉత్తరదేశములో గంగాయమునల మధ్య భూమికి ఆ పేరు ప్రసిద్ధము. మన అంతర్వేదికి ఒక ప్రక్క నది, మరొక ప్రక్క సముద్రము. ఇక్కడి ఆలయమును పునరుద్ధరించిన కొపనాతి కృష్ణమ్మగారు ఓడల మీద వర్తకము చేసిన అగ్నికులక్షత్రియ ప్రముఖులు. దేవుని గుడికి ఓడ వర్తకుని ధనము చేరడములో వింత లేదు. తీర్థము జరిగే చోట అంగడి వెలియక మానదు. జీళ్ళు, ఖర్జూరము, గాజులు, బొమ్మలు అమ్మేవారు ఒక్కొక్కరు ఒక్కొక్క రాగములో కేక పెడతారు. కేక విని తల తిప్పిన మనిషి ముఖము చూచి, వాడు కొనేవాడో కొననివాడో వర్తకుడు క్షణములో పోల్చుకొంటాడు. ఈ మాట శ్రోతలు జ్ఞాపకముంచుకోవలెను. ముందు మళ్ళీ దీని అవసరము కలుగుతుంది.

ఊళ్ళలో చాటింపు సంగతి వేరు. టముకు వేసి వీధివీధిని చాటే మనిషి ఎవరో ఊరంతకు తెలుసు. అతనికి ఆ మాట అప్పగించినది ఎవరో కూడ తెలుసు. చాటినది తప్పయితే నిలదీసి అడుగుటకు ఒక మనిషి ఉన్నాడు. అది ఆనాటి ప్రచారమునకు గల గొప్ప కట్టుబాటు. అతని కూలి కొద్ది, గౌరవము అంతకంటె కొద్ది. అయినను ఊరి నోటికి అతడే జవాబుదారు.

1847లో మొదలై 1852లో పూర్తి అయిన ధవళేశ్వరము ఆనకట్టతో గోదావరి కాలువలు ఏర్పడినవి. కాలువల వెంట పడవలు, పడవల వెంట వడ్లు, వడ్ల వెంట వార్తలు నడిచినవి. 1874లో వీరేశలింగము పంతులుగారు ‘వివేకవర్ధని’ స్థాపించినారు. అచ్చు అక్షరము పల్లెకు చేరినది. అయితే చదువు వచ్చినవారు కొద్దిమంది. ఒకడు చదువగా పదిమంది వినడమే అప్పటి పద్ధతి.

అచ్చును, అంగడిని ఒక్క త్రాట కట్టిన ఘనుడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. 1893లో బొంబాయిలో అమృతాంజనము తయారు చేయ నారంభించినప్పుడు ఆయన పేరు ఎవరెరుగుదురు? ఆయన చేసిన ఉపాయము ఇది: సంగీత సభలకు పోయి, వచ్చినవారికి అమృతాంజనమును ఉచితముగా పంచిపెట్టినారు. గంటల తరబడి సాగే కచేరీలో తలనొప్పి పుట్టడము సహజము. నుదుట రాచుకొన్నంతనే గుణము తెలియడము ఆ మందు స్వభావము. ఆ ఘాటు వాసన ప్రక్కవానికి కూడ సోకడము మరొక లాభము. సభకు వచ్చేవారు కొనగలిగిన తాహతు కలవారు, పదిమందితో మాట కలిపేవారు. ఎవరికి ఇవ్వవలెను, ఎక్కడ ఇవ్వవలెను, ఏ క్షణములో ఇవ్వవలెను అన్న మూడు ప్రశ్నలకు పంతులుగారు ఒక్క సీసాతో సమాధానము చెప్పినారు. నేటి సదస్సులలో పటములు గీసి, పట్టికలు వేసి బోధించే పాఠములో ఇంతకు మించినది అంతగా లేదని నా అభిప్రాయము.

ఆపైన జరిగినది మరింత విశేషము. మందు మీద వచ్చిన ధనముతో 1908లో బొంబాయిలోనే ‘ఆంధ్రపత్రిక’ను వారపత్రికగా ప్రారంభించినారు, 1914లో మదరాసు నుండి అది దినపత్రిక అయినది, 1924లో ‘భారతి’ వెలసినది. అమృతాంజనము ప్రకటన పత్రికను పోషించినది. పత్రిక అమృతాంజనమును ఇంటింటికి చేర్చినది. మదరాసు కేసరి కుటీరము అధిపతి కె. ఎన్. కేసరిగారిది కూడ ఈ దారియే. ‘లోధ్ర’ అను స్త్రీల ఔషధముతో పేరు గాంచిన ఆయన 1928లో ‘గృహలక్ష్మి’ మాసపత్రికను స్థాపించినారు. మందు అమ్మవలెనన్న కోరిక అందులో లేదని ఎవరు అనగలరు? కాని ఆ పత్రికలోనే కనుపర్తి వరలక్ష్మమ్మగారి ‘శారద లేఖలు’ వెలువడినవి; 1934లో తొలి గృహలక్ష్మి స్వర్ణకంకణము ఆమెకే దక్కినది. వ్యాపారము సాహిత్యమునకు అన్నము పెట్టిన ఉదంతాలు మనకు ఇట్టివి మరికొన్ని కలవు.

చదువురాని పల్లెకు అచ్చు చాలలేదు. అక్కడ పనిచేసినవి కథ, పాట. 1943లో వెలసిన ప్రజానాట్యమండలి బుర్రకథను చేపట్టగా, షేక్ నాజరుగారి వంటి కళాకారుల గొంతున అది రాజకీయ ప్రచారమునకు పదునైన ఆయుధమైనది. తరువాత ప్రభుత్వము సైతము తన పథకాల ప్రచారానికి ఆ తంబురానే చేపట్టినది. సినిమా టెంటు వారి సంగతి చెప్పనక్కరలేదు. బండికి రెండు వైపుల బొమ్మలు కట్టి, మైకులో పాట వేసి, రంగురంగుల కరపత్రాలు గాలిలోకి విసిరితే, వాటి కోసము బండి వెంట పరుగెత్తని పిల్లలు ఏ ఊరిలో ఉన్నారు?

ఇక రేడియో. మా ఇంటి విషయము కనుక కొంచెము ఎక్కువ చెప్పినను శ్రోతలు క్షమించవలెను. 1938 జూన్ 16న మదరాసు కేంద్రము, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము మొదలైనవి. రేడియో వలన జరిగిన గొప్ప మార్పు ఏమనగా, మాట మొదటిసారి రేవులు లేకుండ గోదావరి దాటినది. రాజోలులో విన్న మాటనే రాజమండ్రిలో విన్నారు. ధనికుడు విన్న మాటనే పంచాయతీ రేడియో ముందు కూర్చున్న కూలివాడును విన్నాడు. అంతర్వేదిలో దీపస్తంభము ఉన్నది. దాని వెలుగు పెద్ద ఓడకొక తీరుగా, చేపల పడవకొక తీరుగా ఉండదు. రేడియో మాటయు అట్టిదే. 1960ల నడుమ తంజావూరు రైతులు రేడియో చెప్పగా విని నాటిన ఏ.డి.టి.-27 అనే కొత్త వరికి ‘రేడియో వడ్లు’ అని పేరు పెట్టుకొన్నారు. ఆ విత్తనమునకు ఎవరును ప్రకటన ఇవ్వలేదు. వ్యవసాయ ప్రసంగాలే దానికి ప్రచారము.

ప్రకటనలు ఆకాశవాణికి చాలాకాలము దూరముగానే ఉండినవి. ఆ లోటును సిలోను రేడియో తీర్చినది, లేదా దోచుకొన్నది అనవచ్చును. 1952లో అక్కడ మొదలైన బినాకా గీత్‌మాలా ఒక దంతధావన లేపనమును దేశమంతట ఇంటిపేరు చేసినది. మీనాక్షి పొన్నుదురైగారి తెలుగు ప్రకటనలను మనవారు ఎంత ప్రీతితో వినేవారో పెద్దలకు జ్ఞాపకమే. 1957లో వివిధభారతి వచ్చినది. చందా సంఘము తన నివేదికలో వాణిజ్య ప్రకటనలను సిఫారసు చేయగా, 1967 నవంబరు 1న బొంబాయి, పూనా, నాగపూరు కేంద్రాల నుండి అవి ఆరంభమైనవి. పాటకు పాటకు నడుమ సబ్బు, బిస్కత్తు వచ్చి కూర్చున్నవి. అయినను ఒక్క సంగతి మారలేదు. వినేవారు ఎవరో మాకు తెలియదు. శ్రోతల ఉత్తరాలే మాకు దిక్కు.

ఆ మరుసటి సంవత్సరమే, 1968 ఏప్రిల్ 21న, భారత పౌరసంబంధ వృత్తివారి తొలి అఖిల భారత మహాసభ ఢిల్లీలో జరిగినది. సమాచార వృత్తివారు తమ నీతిని తామే వ్రాసుకొనుటకు మన దేశములో సమావేశమైన ముఖ్య ఘట్టము అది. 1965లో ఏథెన్సులో అంగీకరింపబడిన అంతర్జాతీయ నియమావళిని ఆ సభ స్వీకరించినది. సత్యమును మరి ఏ అవసరమునకును లోబరచరాదు అనునది అందులోని ఒక నియమము. అందుకే ఏప్రిల్ 21ని ఆ వృత్తివారు నేటికిని తమ దినముగా పాటిస్తున్నారు. దినము పాటించడము సులభము. నియమము పాటించడము కష్టము.

1994 అక్టోబరులో అమెరికాలో ఒక అంతర్జాల పత్రిక పుటపై ఏటీ అండ్ టీ టెలిఫోను సంస్థవారి చిన్న పట్టీ వంటి ప్రకటన వెలువడినది. నేటి డిజిటల్ ప్రచారమునకు దానినే నాందిగా చెప్పుకొంటారు. మన దేశములో 1995 ఆగస్టు 15న సామాన్యులకు అంతర్జాలము అందుబాటులోనికి వచ్చినది. ఆ పట్టీ ప్రకటనలో కొత్తదనము బొమ్మ కాదు, రంగు కాదు. దాని మీద ఎవరు వ్రేలు పెట్టినారో లెక్క తెలియడము కొత్త. తీర్థములో వర్తకుడు కొనేవాని ముఖము చూచి పోల్చుకొనేవాడని పైన చెప్పినాను. రేడియో, పత్రిక ఆ చూపును పోగొట్టుకొన్నవి. అంతర్జాలము దానిని తిరిగి సంపాదించినది. కాని ఇప్పుడు వర్తకుని ముఖము కొనేవానికి కనబడదు. చరవాణిలో మనము వెదకినది, ఆగి చూచినది, దాటిపోయినది అంతయు ఎక్కడనో లెక్కకు ఎక్కుతుంది. ఆ లెక్కను బట్టి ఒకే ఇంటిలోని అన్నకు ఒక ప్రకటన, చెల్లెలికి మరొకటి. దీపస్తంభము చూచేవానిని బట్టి తన వెలుగు మార్చుకొన్నట్లు! వ్యక్తిగత సమాచార రక్షణకు మన పార్లమెంటు 2023 ఆగస్టులో చట్టము చేయవలసి వచ్చినది ఇందుచేతనే.

అమ్మకము మాట అట్లుంచితే, ఈ పనిముట్టు వార్తను మోసినప్పుడు ఏమగునో అంతర్వేదియే చూచినది. 2020 సెప్టెంబరు 6వ తేదీ తెల్లవారకముందే, షెడ్డులో ఉన్న స్వామివారి రథము దగ్ధమైనది. సుమారు ఆరు దశాబ్దాల నాటి టేకు రథము అది. తెల్లవారేసరికి మంటల దృశ్యము చరవాణులలో రాష్ట్రమంతట తిరిగినది. దృశ్యము నిజము. దాని వెంట కారణాలు కూడ తిరిగినవి. దర్యాప్తు ఇంకను మొదలు కానే లేదు. నిజమైన బొమ్మకు ఊహను అతికించి పంపితే రెండును ఒకే తెర మీద, ఒకే అక్షరాలలో కనబడతవి. టముకు వేసినవాడెవడో ఎవరికిని తెలియదు. ఆందోళనలు చెలరేగినవి, ప్రభుత్వము దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించగోరినది. కొత్త రథము త్వరలోనే సిద్ధమై, 2021 ఫిబ్రవరిలో భీష్మైకాదశినాడు యథావిధిగా నడిచినది.

ఆ తరువాతి ఏడు కోనసీమ జిల్లా ఏర్పడినది. జిల్లాకు డాక్టరు అంబేద్కరు పేరు పెట్టే ప్రతిపాదనపై 2022 మే 24న అమలాపురములో అల్లర్లు, గృహదహనాలు జరిగినవి. జనమును పోగు చేయుటలో వాట్సాపు బృందాల పాత్ర ఉన్నదని పోలీసువారు తేల్చినారు. వెంటనే జిల్లాలో అంతర్జాలము నిలిపివేయబడినది. కొన్ని మండలాలలో అది వారము దాటినది. ఇంటి వద్ద నుండియే నగరాల కొలువులు చేస్తున్న యువతీయువకులకు చేతిలో పని ఉండియు దారి లేకపోయినది. వారు చిన్న కంప్యూటర్లు సంచులలో పెట్టుకొని, ఆవలి ఒడ్డు నుండి సంకేతము అందే చోటు వెదకుకొంటూ గోదావరి గట్టుకు వచ్చి కూర్చున్నారు.