తప్పటడుగులు, బొప్పికట్టిన నుదుళ్ళు

మన ఇళ్ళలో పసివాడు అడుగులు వేయడం మొదలుపెడితే అరిసెలు వండుతారు. వాడు గడప తట్టుకుని పడితే, ఏడుపు మానేదాకా బామ్మ ఆ గడపకు నాలుగు దెబ్బలు వేస్తుంది. నేరం గడపదే! బొప్పిని అరచేత్తో నిమిరితే వ్యవహారం ముగిసినట్టే. ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు.

ఐరోపావారు గడపను కొట్టలేదు, పిల్లవాడి తలకు కవచం తొడిగారు. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాలలో అక్కడి కలిగినవారి ఇళ్ళలో, నడక నేర్చే పిల్లల నుదుటిచుట్టూ మెత్త కుక్కిన పట్టీ కట్టేవారు. మన చుట్టకుదురు తలకు దిగేసినట్టుండేది. ఇంగ్లీషువారు దాన్ని ‘పుడ్డింగ్’ అన్నారు. గౌను భుజాలకు పట్టీలు కుట్టి వెనకనుంచి పట్టుకుని నడిపించేవారు కూడా. ఇవేవీ వద్దనీ, పచ్చికలో రోజుకు వందసార్లు పడితే లేవడం అంత త్వరగా నేర్చుకుంటాడనీ 1762లో రూసో ‘ఎమీల్’లో వాదించాడు. (కన్నబిడ్డలను అనాథాశ్రమానికి ఇచ్చేసిన పెద్దమనిషి ఆయన, అది వేరే సంగతి.) వంద అన్నది అతిశయోక్తి ఏమీ కాదు. న్యూయార్కులో కారెన్ అడాల్ఫ్ బృందం 2012లో ప్రచురించిన లెక్కలో, ఒకటీ ఒకటిన్నర ఏళ్ళ పిల్లలు ఆటలో ఉండగా గంటకు సగటున 2,368 అడుగులు వేసి, 17 సార్లు పడ్డారు.

అయితే 1962లో దెబ్బకు అర్థం మారింది. డెన్వరులో డాక్టర్ కెంప్, ఆయన సహచరులు పెద్దల చేతిలో దెబ్బలు తినే పిల్లల గురించి ఒక వ్యాసం ప్రచురించారు. 1966లో మెల్బోర్న్ వైద్యులు బిరెల్ సోదరులు ఆ విషయాన్నే ఇక్కడి వైద్యపత్రికలో రాశారు. 1969లో సౌత్ ఆస్ట్రేలియా, 1977లో న్యూ సౌత్ వేల్స్, అనుమానం కలిగితే డాక్టరు ప్రభుత్వానికి తెలియజేసి తీరాలని చట్టం చేశాయి. మా దృష్టిలో ఇది మంచి చట్టమే. కాని గడపను కొట్టి ఊరుకునే మనవాళ్ళకు, ‘ఈ దెబ్బ ఎలా తగిలింది?’ అని డాక్టరు రెండోసారి అడిగితే గుండె గుభేలుమంటుంది.

భయపడనక్కరలేదు. దెబ్బ ఎక్కడుంది, బిడ్డ నడుస్తున్నాడా అన్నవే డాక్టరు ముందు చూసేవి. 1999లో అమెరికాలో మూడేళ్ళలోపు పిల్లలు 973 మందిని పరీక్షించగా, నడిచేవారిలో సగానికి పైగా కమిలిన మచ్చలున్నాయి, అదీ ఎక్కువగా ముంజంఘ మీద, నుదుటి మీద. ఆరునెలలు నిండని 366 మందిలో ఇద్దరికే ఉన్నాయి. బుగ్గలమీద, పిరుదులమీద చాలా అరుదు.

చిక్కంతా ఇక్కడే ఉంది. మన బిడ్డలలో చాలామందికి పుట్టుకతోనే నడుముకింద, పిరుదులమీద నీలిమచ్చ ఉంటుంది. అది దెబ్బ కాదు, చర్మం లోపలి పొరలో నిలిచిన రంగు. కొన్నేళ్ళకు తనంతట పలచబడుతుంది. అలవాటులేని కంటికి మాత్రం అచ్చం కమిలినట్టే కనిపిస్తుంది. కమిలిన చోటు కొద్దిరోజుల్లో రంగు మారి మాయమవుతుంది. ఇది నెలల తరబడి అలాగే ఉంటుంది. కాబట్టి ఆసుపత్రి నుంచి ఇంటికి రాకముందే ఆ మచ్చ ఎక్కడుందో, ఎంతుందో నర్సుచేత రాయించుకోండి. న్యూ సౌత్ వేల్స్‌లో 1988 నుంచి బిడ్డతోపాటు ఇస్తున్న నీలం అట్ట పుస్తకం ఉండనే ఉంది. పిల్లవాడిని క్రెష్‌లో చేర్చే మొదటిరోజున అక్కడివారికీ ఆ పేజీ చూపించండి.