చెత్తకుప్ప నుంచి పాలరాయి దాకా

1970 వేసవిలో నార్వే సాహసయాత్రికుడు థార్ హెయర్‌డాల్ ‘రా-2’ అనే పాపిరస్ పడవ మీద మొరాకో నుంచి బార్బడోస్‌కు అట్లాంటిక్ దాటాడు. 57 రోజుల ప్రయాణంలో 43 రోజులు నీళ్ల మీద తారుముద్దలు కనిపించాయని లెక్క రాసిపెట్టాడు. నడిసముద్రానికి మన మురికి అతనికంటే ముందే చేరిందన్నమాట. అదే ఏడాది ఆగస్టులో జర్మన్ కళాకారుడు హాన్స్ హాకె, స్పెయిన్‌లోని కార్బోనేరాస్ తీరంలో ఒడ్డుకు కొట్టుకొచ్చిన చెత్తను ఏరి ఒకచోట కుప్ప పోశాడు. దానికి బీచ్ కాలుష్య స్మారకం అని పేరు పెట్టాడు. చెక్కింది లేదు, రంగు పూసింది లేదు. సముద్రానికి మనం చేసే హానిని చూపించే ఈ తరహా కళకు చరిత్ర రాయమంటే నేను ఆ కుప్ప దగ్గరే మొదలుపెడతాను.

అయితే ఒడ్డుకు చేరిన దాన్నే కుప్ప చూపించగలదు. కళాకారిణి బెట్టీ బ్యూమాంట్ నేరుగా సముద్రం అడుగుకే వెళ్లింది. బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిదను గట్టి ఇటుకలుగా మార్చే పనిలో ఉన్న శాస్త్రవేత్తలతో చేతులు కలిపి, 500 టన్నుల బూడిదతో 17,000 ఇటుకలు చేయించి, 1980 నాటికి న్యూయార్క్ తీరానికి అవతల అట్లాంటిక్ అడుగున వేయించింది. పారేయాల్సిన బూడిద చేపలకు ఇల్లయింది. ‘ఓషన్ ల్యాండ్‌మార్క్’ అనే ఈ పనిని చూడాలంటే నీళ్లలోకి దిగాల్సిందే. అందుకేనేమో, దక్కాల్సినంత పేరు దీనికి దక్కలేదు.

1997లో నావికుడు చార్లెస్ మూర్ పసిఫిక్ చెత్తమేటను చూసి వచ్చాక అందరి దృష్టీ ప్లాస్టిక్ మీదికి మళ్లింది. 2009లో ఫొటోగ్రాఫర్ క్రిస్ జోర్డాన్ సముద్రంలో ఏరిన ప్లాస్టిక్ ముక్కల ఫొటోలను కూర్చి, 24 లక్షల ముక్కలు కనిపించేలా, జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ గీసిన మహాకెరటాన్ని మళ్లీ సృష్టించాడు. దూరం నుంచి చూస్తే కెరటం. దగ్గరికి వెళితే దువ్వెనలు, మూతలు. 2018లో బెల్జియంలోని బ్రూజ్ కాలువలో అయిదు టన్నుల ప్లాస్టిక్ తిమింగలం పైకి లేచింది. ఆ తర్వాత ప్లాస్టిక్ చేపలు, తాబేళ్లు ఊరూరా వెలిశాయి. జనం వాటి ముందు సెల్ఫీలు దిగి, చేతిలోని నీళ్ల సీసాతోనే ఇంటికెళ్లారు. ఈ కోవలో తొలి పనుల మీద గౌరవం ఉన్నా, తర్వాతివి నాకు విసుగే పుట్టించాయి. ప్లాస్టిక్ ఎలాగూ కంటికి కనిపిస్తుంది. నీళ్లు వేడెక్కడం, మట్టం పెరగడం, అడుగు నేల చీరుకుపోవడం కనిపించవు.

ఆ కనిపించనివాటిని పట్టుకున్నవాళ్లూ ఉన్నారు. 2007లో కళాకారిణి ఈవ్ మోషర్ బేస్‌బాల్ మైదానాల్లో సున్నపు గీతలు వేసే బండిని న్యూయార్క్ వీధుల్లో తోసుకుంటూ, సముద్రమట్టానికి పది అడుగుల ఎత్తున గీత గీసింది. రేపు తుపాను వస్తే నీళ్లు ఇక్కడిదాకా వస్తాయని, ఇదేమిటని అడిగినవాళ్లకు చెప్పింది. అయిదేళ్లకు శాండీ తుపానులో నీళ్లు రానే వచ్చాయి. 2019లో శిల్పి జేసన్ డికేర్స్ టేలర్ ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్ తీరాన నిలిపిన ‘ఓషన్ సైరన్’ అనే అమ్మాయి విగ్రహం, డేవీస్ రీఫ్ దగ్గరి నీటి ఉష్ణోగ్రతను బట్టి నీలం నుంచి ఎరుపుకు రంగు మారుతుంది. మరుసటి ఏడాదే గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో పగడాలు మళ్లీ పెద్దఎత్తున తెల్లబారాయి.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం కళాకారుడు కాని ఓ జాలరి తలపెట్టిన పని. ఇటలీలోని టలమోనేకు చెందిన పాలో ఫాన్చుల్లి దొంగచాటు ట్రాలర్లతో ఏళ్ల తరబడి పోరాడాడు. బరువైన ఆ వలలు అడుగున పొసిడోనియా గడ్డిని పెకలించుకుపోతాయి. చేపలు గుడ్లు పెట్టేది, పిల్లలు పెరిగేది ఆ గడ్డిలోనే. ట్రాలర్ల దెబ్బ ఎలాంటిదో మన కాకినాడ, విశాఖ నాటుపడవల వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ముందు కాంక్రీటు దిమ్మెలు వేయించిన పాలో, తర్వాత కరారా గని యజమానిని రెండు పాలరాళ్లు ఇమ్మని అడిగితే ఆయన వంద ఇచ్చాడు. ఎమిలీ యంగ్ లాంటి శిల్పులు వాటిని ముఖాలుగా చెక్కారు. 2015 నుంచి అవి ఒక్కొక్కటే నీళ్లలోకి దిగుతున్నాయి. వల తగిలితే చిరుగుతుంది. ఆ భయంతోనే ట్రాలర్ అటు రాదు.

ఇక్కడ శిల్పం బరువుకు, అందానికి రెండింటికీ పని ఉంది. వలను ఆపడానికి బండరాయి చాలు. కానీ ఉత్త బండల కోసం పత్రికలవాళ్లు రారు, విరాళాలూ రావు. పాలో మాత్రం ఇప్పటికీ చేపలే పడుతున్నాడు. పర్యాటకులను తన పడవలో ఎక్కించుకుని వల లాగి చూపిస్తాడు, పట్టిన చేప అక్కడే వండిపెడతాడు, తర్వాతి రాయి ఖర్చుకు వాళ్లను చందా అడుగుతాడు.