పనిలో గాయపడినవారి పరిహారము: హక్కు వచ్చిన త్రోవ

వడ్రంగము, కమ్మరము, కంచరము, శిల్పము, స్వర్ణకారము అను పంచవృత్తులచే బ్రదుకు మన విశ్వబ్రాహ్మణులకు ఉలిగాటును సుత్తిదెబ్బయు క్రొత్తవి కావు. అయినను పనిలో పడినవానికి ఏమి రావలెనో, ఎవరీయవలెనో ఎరిగినవారు మనలో తక్కువ. మేమును ఎరుగక యొకప్పుడు పొరపడితిమి. ఆ కారణముననే ఈ చరిత్రను వ్రాయ బూనితిమి.

ప్రాణనష్టమునకు ప్రతిఫల మొసగుట మన సీమకు అపూర్వము కాదు. పుంగనూరు, పలమనేరు ప్రాంతములందు వీరగల్లులు కలవు. పసులమందను కాపాడబోయి హతులైన వారి స్మృతికై నిలిపిన రాళ్లు వానిలో పెక్కులు. ఇట్టి వీరుల కుటుంబములకు భూమి నిచ్చుటయు నాటి యాచారము. కన్నడ దేశమున దానిని నెత్తరుగొడగె యందురు. శుక్రనీతియందును రోగియైన భృత్యునకు వేతనభాగ మీయవలెనను విధి కలదు. కాని అది ప్రభువుల ధర్మబుద్ధి. దావా వేసి గైకొను హక్కు కాదు.

ఆంగ్లేయుల న్యాయము మొదట ఇంతకన్న కఠినము. 1837లో ఇంగ్లండున మాంసవిక్రేత కొలువులోని యొక బాలుడు, బరువు మీరిన బండి విరిగి గాయపడి దావా వేయగా, యజమాని బాధ్యుడు కాడని తీర్పు వచ్చెను. మన దేశమున 1855 నాటి చట్టము క్రింద మృతుని వారు ఎదుటివారి తప్పిదమును రుజువు చేయవలసి యుండెను. సారువ త్రాడు ఎవరి తప్పువలన తెగెనో వితంతువు ఎట్లు రుజువు చేయగలదు? 1884లో జర్మనీయు, 1897లో ఇంగ్లండును ఈ చిక్కును విప్పినవి. 1923లో మన దేశమున కార్మిక నష్టపరిహార చట్టము పుట్టి 1924 జూలై 1న అమలునకు వచ్చెను. పని కారణముగా, పని కాలమున ప్రమాదము కలిగెనేని, యజమాని తప్పున్నను లేకున్నను పరిహార మీయవలెనని దాని సారము. త్రాగియుండుటచే గాయపడినవానికి అది లేదు. కాని మరణము సంభవించినచో ఆ సాకును చెల్లదు.

మన వృత్తివారి వ్యాజ్యమే యొకటి సుప్రీంకోర్టు వరకు పోయినది. 1968 జూలైలో ఒరిస్సాలోని జయపురమున, సినిమాహాలులో అలంకారపు పని చేయుచున్న వడ్రంగి క్రిందపడి ఎడమచేయి పోగొట్టుకొనెను. ఒక చేయి పోయిన మాత్రమున అది పాక్షిక వైకల్యమే యని యజమాని వాదించెను. ఒంటిచేతితో వడ్రంగము సాగదు గనుక అది సంపూర్ణ వైకల్యమే యనియు, ప్రమాదము జరిగిన నాటనుండియే పరిహారము బాకీయనియు 1975లో న్యాయస్థానము నిర్ణయించెను. చిత్రికపట్టినవాడెవడైనను ఆ మాట చెప్పగలడు. దానికి ఏడేండ్లు పట్టినది!

ఇక మా సంగతి. 2012లో తిరుపతియందు మేడ కట్టుచుండగా ముప్పదియేండ్ల వడ్రంగి, మా పూర్వశిష్యుడు, సారువపైనుండి పడి మరణించెను. గుత్తదారు పెద్దమనుష్యులను పిలిపించెను. లక్ష రూపాయలకు రాజీ కుదిరెను. ఇక తగవు లేదను కాగితమును మేమే స్వహస్తముతో వ్రాసితిమి. ఆ యమ్మ సంతకము చేసెను. మేము ధర్మకార్యము చేసితిమని సంతోషించితిమి కూడ.

అతని కూలి నెలకు 8,000 రూపాయలు. చట్టము నాడు లెక్కకు గైకొనిన పరమావధియు అదియే. మరణ విషయమున వేతనములో సగమును, అనగా 4,000ను, ముప్పదవయేటి గుణకమైన 207.98తో హెచ్చవేయవలెను. వచ్చునది 8,31,920 రూపాయలు. పైగా ఆ సొమ్మును కమిషనరు వద్ద జమ కట్టవలెనే గాని చేతికిచ్చిన చెల్లదు. స్వల్పమైన ముందస్తు మాత్రమే మినహాయింపు. హక్కును వదలుకొను కాగితమును చట్టము కాగితముగానే ఎంచదు. నెల దాటినచో నూటికి 12 వడ్డీ. ఇవన్నియు మాకు తెలియునప్పటికి రెండేండ్ల గడువు దాటినది. తగిన కారణము చూపినచో ఆలస్యమును మన్నించు నధికారము కమిషనరుకు కలదని ఆమెతో చెప్పితిమి. “అయ్యవారూ, మీరు వ్రాసిన కాగితముపైనే గదా సంతకము చేసితిని, మరల కచేరికి రాలేను” అనెను. మాకు మాట రాలేదు.

గుత్తదారును వంచకుడని మేమనము. అతడును మనవాడే, నిన్నటి వడ్రంగియే. ఇచ్చిన లక్షయు వ్యర్థమై మరల మొత్తము నీయవలసిన స్థితిలో ఎరుగక నిలిచినవాడు. కొద్దిపాటి సొమ్ముతో బీమా పాలసీ తీసికొనియుండినచో ఇరువురికిని ఆ యాపద తప్పెడిది. తన వ్యాపారపు పనిని గుత్తకిచ్చిన అసలు యజమానియు పరిహారమునకు బాధ్యుడే. చెల్లించి గుత్తదారునుండి రాబట్టుకొనవచ్చును.

2009 సవరణలో ఆ చట్టము ఉద్యోగుల నష్టపరిహార చట్టమని పేరు మార్చుకొనెను. 2025 నవంబరు 21న సామాజిక భద్రతా స్మృతిలో లీనమైనది. యజమాని బాధ్యత మాత్రము నిలిచియే యున్నది. పనికి పోవు దారిలోని ప్రమాదమును, పనితో సంబంధ మేర్పడినచో, క్రొత్త స్మృతి పరిగణించును.

మహాసభవారికి మా విన్నప మొకటి. పనిలో మరణించినవారి విషయమున సంఘపు పెద్దలెవరును రాజీకాగితములు వ్రాయరాదనియు, కుటుంబమును వెంటబెట్టుకొని మొదటి నెలలోనే చిత్తూరులోనో తిరుపతిలోనో గల కార్మికశాఖ కచేరికి పోవలెననియు తీర్మానము చేయవలెను. అర్జీలు వ్రాసిపెట్టుటకు మేము సిద్ధముగా నున్నాము.