ఎంపిక ఎవరిది? దారులు ఎవరివి?

మన ఇళ్లలో వైకుంఠపాళి పటం పరిచి గవ్వలు వేసిన తరం ఇంకా వున్నది. ఆ ఆటలో నిచ్చెన పుణ్యం, పాము పాపం. కాని వాటిలో దేన్నీ ఆటగాడు కోరి చేయడు. గవ్వలు ఎటు పడితే అటు. కర్మ సిద్ధాంతాన్ని పసితనంలోనే వంటబట్టించిన పటం అది. నేడు ఇందల్వాయి స్టేషనులో రైలుకోసం కూర్చున్న విద్యార్థి చేతి ఫోనులో మరో రకం ఆట కనిపించవచ్చు. అందులో కథ నడుస్తూ ఆగి, ఇప్పుడేం చేస్తావని అడుగుతుంది. జవాబును బట్టి మలుపు తిరుగుతుంది. విధి పోయి ఎంపిక వచ్చింది. ఇది ముందడుగే, సందేహం లేదు. అయితే ఎంత ముందుకు?

ఈ ప్రక్రియ చరిత్ర చిన్నదే. 1967లో మాంట్రియల్ ప్రపంచ ప్రదర్శనలో చెకోస్లోవేకియా దేశస్థుడు రాడూజ్ చించెరా ‘కినో ఆటోమాట్’ అనే సినిమాను చూపించాడు. ప్రతి కుర్చీకీ ఎరుపు, ఆకుపచ్చ మీటలు. కీలక ఘట్టంలో బొమ్మ ఆగేది. ప్రేక్షకులు ఓటు వేసేవారు. ఎక్కువమంది కోరిన దారిలో కథ సాగేది. కాని ఆ దారులన్నీ మళ్లీ ఒకచోటికే చేరేవి. ఎవరెటు ఓటేసినా చివరకు ఇల్లు తగలబడక మానదు! ఓటు అనే తంతుపై చించెరా విసిరిన వ్యంగ్యంగా దానిని చాలామంది చదువుకున్నారు. 1972లో స్వదేశంలో దాని ప్రదర్శనను నిలిపివేశారు.

కంప్యూటరులో 1976లో విల్ క్రౌథర్ వ్రాసిన గుహాన్వేషణ క్రీడతో ఈ శాఖ మొదలయింది. 2012లో ‘ది వాకింగ్ డెడ్’, 2018లో ‘డెట్రాయిట్’ లక్షలాది జనానికి దానిని చేరవేశాయి.

ఇక్కడ లెక్క ఒకటి చూడాలి. ప్రతి మలుపులో రెండు దారులుంటే పది మలుపులకు 1024 ముగింపులు కావాలి. వాటన్నిటికీ రచన, చిత్రణ, నటన కావాలి. అంటే కూలి చెల్లించాలి. చూడని దృశ్యానికి కూలి ఇవ్వడం పెట్టుబడికి గిట్టదు. కనుక దారులు విడిపోయినట్టు కనిపించి మళ్లీ కలుస్తాయి. ఈ బంధనం కళాకారుని అసమర్థత కాదు, ఉత్పత్తి విధానం విధించినది. ‘వాకింగ్ డెడ్’ను తయారుచేసిన టెల్‌టేల్ సంస్థ 2018 సెప్టెంబరులో సుమారు 250 మందిని పరిహారమైనా లేకుండా ఇంటికి పంపింది. ఎంపికలను సృష్టించిన శ్రామికులకు ఎంపిక లేకపోయింది.

దీనికి ఎదురీదిన రచన లేకపోలేదు. ఎస్తోనియా రచయితల బృందం 2019లో వెలువరించిన ‘డిస్కో ఎలీసియం’లో యుద్ధం లేదు, సంభాషణే వున్నది. ఓడిపోయిన విప్లవపు శిథిలాల నడుమ, రేవు కార్మికుల సమ్మె నేపథ్యంగా కథ నడుస్తుంది. బహుమతి స్వీకరిస్తూ ఆ రచయితలు మార్క్స్, ఏంగెల్స్‌లకు కృతజ్ఞత చెప్పారు. కాని ప్రధాన సృష్టికర్తలే ఆ సంస్థలో లేరని 2022లో లోకానికి తెలిసింది. ఇతివృత్తం మారినంత మాత్రాన యాజమాన్యం మారదు.

ఈ మాట మన జిల్లాకు కొత్త కాదు. 1937లో స్థాపించిన బోధన్ చక్కెర ఫ్యాక్టరీని 2002లో ప్రైవేటుపరం చేశారు. 2015లో అది మూతపడింది. చెరకు వేయాలా వద్దా అన్నది రైతు ఎంపికే. ఫ్యాక్టరీ వుండాలా వద్దా అన్న ప్రశ్న మాత్రం అతని ముందుకు రానేలేదు.

అయితే, ఇచ్చిన దారులు చాలవనుకున్న ప్రజలు ఏం చేస్తారో కూడ ఈ జిల్లాయే చూపించింది. 2019 లోక్‌సభ ఎన్నికలలో పసుపు బోర్డు కోసం, పసుపు, ఎర్రజొన్నల మద్దతు ధర కోసం 170 మందికి పైగా రైతులు నిజామాబాదులో నామినేషన్లు వేశారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. పోలింగు కేంద్రానికి పన్నెండు ఓటింగు యంత్రాలు పెట్టవలసి వచ్చింది. ఉన్న మీటలలో ఒకటి నొక్కి ఊరుకోక, తమ పేరుతో కొత్త మీటలు పెట్టించారు. వారిలో ఎవరూ గెలవలేదు. కాని 2025 జనవరిలో పసుపు బోర్డు ప్రారంభమయింది. బోర్డు వచ్చినంతలో ధర వచ్చినట్టు కాదు. ఆ పోరు వేరే.

కథా క్రీడలను కాలక్షేపమని మన ఉపాధ్యాయులు తోసివేయనక్కరలేదు. ఆడనివ్వండి. ఆడిన తరువాత విద్యార్థిని ఒక్కటి అడగండి: నీవు కోరిన దారి జాబితాలో వున్నదా? లేకపోతే ఆ జాబితాను వ్రాసిందెవరు?