ధ్యాన్‌చంద్‌కు కెప్టెన్ ఎవరు? జైపాల్ సింగ్ ముండా గురించి మనం తెలుసుకోవాల్సింది

పోస్టు పొడుగ్గానే ఉంటుంది. రాత్రి స్టడీ అవర్ అయినాక తీరిగ్గా చదవండి.

ఆట మానేసిన ఆటగాడిని అభిమానులు ఎట్లా గుర్తుపెట్టుకుంటారో చూస్తే ముచ్చటేస్తుంది. బాస్కెట్‌బాల్‌లో అయితే గొప్ప ఆటగాడు వేసుకున్న జెర్సీ నంబరును ఆ జట్టులో ఇంకెవరికీ ఇవ్వరు. కోబీ బ్రయంట్ కోసం లేకర్స్ జట్టు 2017 డిసెంబర్ 18న 8, 24 రెండు నంబర్లనూ పక్కన పెట్టేసింది. టెన్నిస్‌లో రఫెల్ నాదల్ రిటైర్ అయినాక 2025 మే 25న పారిస్‌లో ఆయన పాదముద్రతో కోర్టులోనే ఒక పలక పెట్టినారు. ఆ రోజు జనం ఎర్రమట్టి రంగు టీషర్టులేసుకుని స్టేడియం నిండా కూర్చున్నారు. ఆ నాదల్ ఫౌండేషనే 2010లో మన పక్కనున్న అనంతపురంలో పేద పిల్లలకు టెన్నిస్ బడి మొదలుపెట్టింది. అంటే ఈ సంగతులు మన సీమకు మరీ దూరమేం కాదు.

మనోడికి ఏం దక్కిందన్నదే మా ప్రశ్న. ఆగస్టు 29 వస్తే కాలేజీల్లో ధ్యాన్‌చంద్ ఫొటోకు దండేస్తారు. ఆయన పుట్టినరోజే జాతీయ క్రీడా దినోత్సవం. వేయాల్సిందే, అంత గొప్ప ఆటగాడు ఆయన. కాకపోతే ధ్యాన్‌చంద్ మొదటి ఒలింపిక్స్ ఆడినప్పుడు జట్టు కెప్టెన్ ఎవరని మేం హాస్టల్లో అడిగితే ఒక్కరూ చెప్పలేదు. ఆ కెప్టెన్ మన ఆదివాసీ. పేరు జైపాల్ సింగ్ ముండా.

ఆయన 1903 జనవరి 3న ఇప్పటి జార్ఖండ్‌లోని ఖూంటి దగ్గర టక్రా అనే ముండా పల్లెలో పుట్టినారు. రాంచీలో మిషనరీల సెయింట్ పాల్స్ స్కూల్లో చదివినారు. పిల్లోడి చురుకు చూసి ఆ బడి ప్రిన్సిపాల్ 1918లో తనతోపాటు ఇంగ్లండ్ తీసుకుపోయినాడు. అక్కడ ఆక్స్‌ఫర్డ్‌లో సెయింట్ జాన్స్ కాలేజీలో చేరి హాకీలో యూనివర్సిటీ జట్టు దాకా పోయినారు. ఆక్స్‌ఫర్డ్‌లో మంచి ఆటగాళ్లకు ‘బ్లూ’ అనే గౌరవం ఇస్తారు, అదీ అందుకున్నారు. ఫుల్‌బ్యాక్ ఆడేవారు. అంటే గోల్ కీపర్ ముందు నిలబడి వచ్చిన బంతినల్లా ఆపే పని. గోల్ కొట్టినోడి పేరు పేపర్లో వస్తుంది, ఆపినోడి పేరు రాదు. మనలో ఏ ఆట ఆడినోళ్లకైనా ఇది తెలిసిందే.

1928లో ఇండియా మొదటిసారి ఒలింపిక్స్‌కు హాకీ జట్టును పంపింది. జట్టు మార్చిలో బొంబాయిలో ఓడ ఎక్కింది. సాగనంపడానికి వచ్చింది ముగ్గురంటే ముగ్గురే అని ధ్యాన్‌చంద్ తన ఆత్మకథలో రాసుకున్నారు. అప్పటికి ఇంగ్లండ్‌లో ఉన్న జైపాల్ సింగ్‌ను కెప్టెన్‌గా పెట్టినారు. అప్పుడాయన ఐసీఎస్‌కు ఎంపికై ట్రైనింగ్‌లో ఉన్నారు. ఐసీఎస్ అంటే ఇప్పటి ఐఏఎస్‌కు తాత లాంటిది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆడడానికి సెలవు అడిగితే పైవాళ్లు కాదన్నారు. ఆయన సెలవు లేకుండానే పోయినారు.

అక్కడ మన జట్టు ఆస్ట్రియాను 6-0తో, బెల్జియంను 9-0తో, డెన్మార్క్‌ను 5-0తో, స్విట్జర్లాండ్‌ను 6-0తో కొట్టింది. మే 26న ఫైనల్లో నెదర్లాండ్స్ మీద 3-0. మొత్తం 29 గోల్స్ కొట్టినారు, ఒక్కటి కూడా ఇవ్వలేదు. 29లో 14 ధ్యాన్‌చంద్‌వే. మిగతా లెక్క కూడా చూడండి: ఐదు మ్యాచుల్లో మన గోల్‌లోకి సున్నా. వెనకాల నిలబడినోళ్ల పని అది. కాకపోతే ఫైనల్ రోజు జైపాల్ సింగ్ మైదానంలో లేరు. జట్టు నడిపేవాళ్లతో తేడా వచ్చి ముందే తప్పుకున్నారు. ఆ రోజు ఎరిక్ పిన్నిగర్ జట్టును నడిపించినాడు. బంగారు పతకం గెలిచిన జట్టు తిరిగి బొంబాయిలో దిగితే ఈసారి జనం విరగబడి వచ్చినారు. ఆ జనం ముందు కెప్టెన్ లేడు. ఆయన ఇంగ్లండ్‌లోనే ఉండిపోయినారు. సాగనంపినప్పుడూ లేడు, దండలేసినప్పుడూ లేడు. అభిమానులు ఆయన్ని మర్చిపోవడం ఆ రోజే మొదలైందని మాకనిపిస్తుంది.

తర్వాత ఐసీఎస్ వాళ్లు ఇంకో ఏడాది ట్రైనింగ్ చేయాలన్నారు. ఆయన ఉద్యోగమే వదిలేసినారు. ఈ ముక్క దగ్గర మా రూములో చానాసేపు గొడవైంది. ఇంట్లో మొదట కాలేజీ మెట్లెక్కినోళ్లం మనం. గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం కళ్లు కాయలు కాసేలా చూసేవాళ్లం. హాకీ మ్యాచ్ కోసం కలెక్టర్ ఉద్యోగం వదిలేయడం మాలో సగం మందికి పిచ్చిపనే అనిపించింది. మిగతా సగం మంది వేరే మాటన్నారు: సెలవివ్వని దొర కింద బతుకంతా సలాం కొట్టేదానికంటే అదే మేలు.

అదే 1928లో మన జిల్లాలు ఎట్లా ఉన్నాయో కూడా చూడాలి. ఆ నవంబర్‌లోనే నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు దత్త మండలాలకు ‘రాయలసీమ’ అని పేరు పెట్టినారు. సీమకు కొత్త పేరొచ్చింది గాని మన ఎరుకలోళ్లకు పాత పేరే మిగిలింది: పుట్టుకతోనే నేరస్థులు. నేరస్థ తెగల చట్టం కింద పేర్లు రాసుకుని, వేలిముద్రలు తీసుకుని, రాత్రుళ్లు హాజరు పలికించేవాళ్లు. ఆత్మకూరు దగ్గర సిద్ధాపురంలో అట్లాంటోళ్ల కోసమే ఒక సెటిల్‌మెంట్ పెట్టినారు. ఊరు దాటాలంటే చీటీ కావాలి. ఆ చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో పోయింది, దేశమంతా పోయింది 1952 ఆగస్టు 31న. ఒక ఆదివాసీ ఆమ్‌స్టర్‌డామ్‌లో దేశం జట్టుకు కెప్టెన్. ఇక్కడ ఇంకో ఆదివాసీ స్టేషన్‌లో చేయెత్తి ‘ఉన్నాను దొరా’ అనాల. రెండూ ఒకే సర్కారు కింద, ఒకే ఏడాది జరిగినవి.

ఆట ఆగినాక ఆయన నేరుగా రాజకీయాల్లోకి రాలేదు. ఆయిల్ కంపెనీలో పనిచేసినారు, ఆఫ్రికాలో గోల్డ్‌కోస్ట్‌లో, అంటే ఇప్పటి ఘనాలో, పిల్లలకు పాఠాలు చెప్పినారు, బికనీర్ సంస్థానంలోనూ ఉన్నారు. 1939 జనవరిలో రాంచీలో ఆదివాసీ మహాసభకు అధ్యక్షుడైనారు. అప్పట్నుంచి జనం ఆయన్ని ‘మరంగ్ గోమ్కే’ అన్నారు. పెద్ద నాయకుడు అని అర్థం.

రాజ్యాంగ సభలో ఆయన 1946 డిసెంబర్ 19న మాట్లాడిన మాటలు మనోళ్లందరూ చదవాలి. తనను తాను అడవివాడినని గర్వంగా చెప్పుకున్నారు. ప్రజాస్వామ్యం మాకు నేర్పనక్కర్లేదు, మా దగ్గరే మీరు నేర్చుకోవాలి అనే ధోరణిలో పెద్ద పెద్దోళ్ల ముందు నిలబడి చెప్పినారు. ‘ఆదివాసీ’ అనే మాటే వాడాలని పట్టుబట్టినారు. ఆదివాసీ ఆడోళ్లకు చోటెక్కడని అడిగినారు. మద్యనిషేధం చర్చకొచ్చినప్పుడు, బియ్యంతో చేసే బీరు మా పూజల్లో భాగమని వాదించినారు. దీని మీద మనలో వేరే అభిప్రాయాలు ఉంటాయి, తాండాల్లో సారా చేసిన చెరుపు మనకు తెలుసు. కాని మా ఇంటి ఆచారం గురించి మమ్మల్ని అడక్కుండా నిర్ణయించొద్దు అనడం మాకు నచ్చింది.

మెచ్చుకునేవే చెప్పి ఊరుకుంటే సరిపోదు. ఆయన పెట్టిన జార్ఖండ్ పార్టీ 1952 ఎన్నికల తర్వాత బీహార్ అసెంబ్లీలో ప్రధాన ప్రతిపక్షం. దాన్ని 1963లో కాంగ్రెస్‌లో కలిపేసినారు. ప్రత్యేక రాష్ట్రం రాలేదు, పార్టీ పోయింది. వెంట నడిచినోళ్లు చానామంది దాన్ని మోసంగానే చూసినారు. 1970 మార్చి 20న ఆయన పోయినారు. జార్ఖండ్ వచ్చింది 2000 నవంబర్ 15న, ముప్పై ఏళ్ల తర్వాత. ఆ కోపం వల్ల కూడా ఆయన పేరు కొన్నాళ్లు మరుగున పడిందని మేం అనుకుంటున్నాం. ఆటగాడి పేరు కూడా నాయకుడి తప్పుతోపాటే పోయింది.

తిరిగి ఎట్లా వచ్చిందంటే, ఆట ద్వారానే. రాంచీలో హాకీ స్టేడియానికి ఆయన పేరు పెట్టినారు. 2023లో మహిళల ఆసియా చాంపియన్స్ ట్రోఫీ అక్కడే జరిగింది, ఫైనల్లో మనవాళ్లు జపాన్‌ను 4-0తో ఓడించినారు. ఆ జట్టులో సలీమా టేటే ఉంది, ఆయన ఖూంటి జిల్లాకే చెందిన నిక్కీ ప్రధాన్ ఉంది. సలీమా ఆ మరుసటేడే భారత జట్టు కెప్టెన్ అయింది. ఇంకో సంగతి, జార్ఖండ్ ప్రభుత్వం ఆయన పేరుతోనే విదేశీ చదువుల స్కాలర్‌షిప్ ఇస్తుంది. 2021లో మొదటి విడత ఆరుగురు ఆదివాసీ పిల్లలు ఇంగ్లండ్ పోయి చదివినారు. ఆయన్ని ఒక దొర దయ తలచి తీసుకుపోయినాడు, వీళ్లు హక్కుగా పోయినారు. జెర్సీ నంబరు పక్కన పెట్టడం కంటే మాకు ఇదే ఎక్కువ నచ్చింది.

అయితే అది అక్కడ. కర్నూలు, కడప హాస్టళ్లలో చెంచు, సుగాలీ, ఎరుకల, యానాది పిల్లలం ఇన్ని వందల మందిమి ఉన్నాం. వచ్చే జనవరి 3న ఏమన్నా చేద్దామని మా హాస్టల్లో కూర్చుని మాట్లాడుకున్నాం. హాకీ స్టిక్కులు మన దగ్గర లేవు, గ్రౌండు అంతా గులకరాళ్లే. అందుకని పొద్దున కబడ్డీ, మధ్యాహ్నం వాలీబాల్ పెడదామనుకున్నాం. అమ్మాయిల మ్యాచ్ మొదట జరగాలని అక్కలు చెప్పినారు, ఒప్పుకున్నాం. మ్యాచ్‌కు ముందు డిసెంబర్ 19 ప్రసంగం తెలుగులో చదువుతాం, మాలో ముగ్గురు అనువాదం చేస్తున్నారు, సగమైంది. ఇంగ్లిష్ బాగా వచ్చినోళ్లు ఒకసారి సరిచూసి పెట్టండి. గోండి, లంబాడీ, ఎరుకల భాషల్లో చదవగలిగినోళ్లు ఉంటే ఇంకా మంచిది. ఆ రోజు గ్రౌండుకు రాగలిగే హాస్టళ్లు కామెంట్లో పేరు పెట్టండి. పాత హాకీ స్టిక్కులు ఎవరి దగ్గరన్నా ఉంటే, విరిగినవైనా సరే, తెండి.